రెండు అంకెలు తారుమారు

కాలేజీ చివరి సంవత్సరంలో ఒక సోమవారం పొద్దున మా మేడమ్ క్లాసుకు వచ్చి, పాఠం జోలికి పోకుండా, "మీ రెజ్యూమేలు చూశాను. సగం మందివి సెలవు చీటీల్లా ఉన్నాయి" అని హిందీలో అన్నారు. ఎవరూ నవ్వలేదు. నెల తిరిగేసరికి సూరత్‌లో ప్రజాసంబంధాలు చూసే పీఆర్ ఏజెన్సీలకు మా కాగితాలు వెళ్లాలి. ఈలోగా ప్రతి ఒక్కరూ రెజ్యూమే తిరగరాసుకోవాలి, చేసిన పనులన్నీ ఒక ఫైలుగా కూర్చుకోవాలి, పద్ధతిగా ఉండే ఫోటో తీయించుకోవాలి. ఇదంతా బోర్డు మీద రాసి, తమ గురించి తాము చెప్పుకోలేనివాళ్లు రేపు ఇంకొకరి గురించి ఏం చెబుతారని అడిగారు.

ఆ మాట నన్ను చూసే అన్నారనిపించింది. నా రెజ్యూమే ఒక పేజీ కూడా నిండలేదు. పేరు, చదువు, వచ్చిన భాషలు, ఆ కిందంతా తెల్లకాగితం.

ఆ తర్వాత మేడమ్ ఒక కాగితం పైకెత్తి చూపించి, "ఇలా ఉండాలి" అన్నారు. అది నా పక్కన కూర్చున్న అమ్మాయిది. తను సిగ్గుపడి తల దించుకుని, బల్ల కింద నా చెయ్యి గిల్లింది. నేను నవ్వాను. నవ్వడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు.

మా ఇద్దరికీ స్నేహం కుదిరింది భాష వల్ల. మొదటి సంవత్సరంలో నేను వరండాలో నిలబడి అమ్మతో ఫోన్లో మాట్లాడుతుంటే వెనక నుంచి వచ్చి, "నువ్వు తెలుగా?" అని అడిగింది. వాళ్లది విశాఖ వైపు. నాన్న హజీరాలో ఒక పెద్ద కర్మాగారంలో ఇంజినీరు, ఉండేది కంపెనీ కాలనీలో. మాది సిరిసిల్ల వైపు. మా బాపు నేను పుట్టకముందే సూరత్ వచ్చి సాంచెల మీద చేరాడు. మరమగ్గాలను మావాళ్లు అలాగే అంటారు. భేస్తాన్‌లో రెండు గదుల ఇల్లు. అమ్మ ఇంట్లోనే కూర్చుని చీరలకు రాళ్లు అతికిస్తుంది. ఎనిమిదో తరగతి దాకా నేను కార్పొరేషన్ వాళ్ల తెలుగు బడిలో చదువుకున్నాను కాబట్టి నాకు తెలుగు రాయడం వచ్చు. తనకు మాట్లాడటమే వచ్చు, అక్షరాలు రావు. మా ఇద్దరిలో నా దగ్గర ఎక్కువున్నది ఆ ఒక్కటేనని నాలో నేను పోల్చి చూసుకునేదాన్ని. స్నేహితురాలితో అలా పోల్చుకోకూడదని తెలుసు. అయినా మానలేకపోయాను.

తన రెజ్యూమేలో అన్నిటికంటే పైన ఒక వాక్యం ఉండేది: నాన్న పనిచేసే కంపెనీలోనే, కమ్యూనికేషన్స్ విభాగంలో, రెండు నెలల ఇంటర్న్‌షిప్. దాని కింద తను రాసిన ప్రెస్‌నోట్లు, మొక్కలు నాటిన రోజు ఫోటోలు, కంపెనీ పత్రికలో వచ్చిన వ్యాసం. ఆ వాక్యాన్ని ఎన్నిసార్లు చదివానో చెప్పలేను. మా బాపు కూడా సూరత్‌లో కర్మాగారానికే వెళ్తాడు కదా అనుకునేదాన్ని. కానీ సాంచెల ఖాతాలో, అంటే మగ్గాల షెడ్డులో, కమ్యూనికేషన్స్ విభాగం ఉండదు. అక్కడ ఆ చప్పుడులో ఒకరి మాట ఒకరికి వినబడటమే కష్టం. బాపు ఇంట్లో కూడా గట్టిగా అరిచినట్టే మాట్లాడతాడు.

ఆ వారమే క్యాంటీన్లో తను నా కాగితం లాక్కుని చూసింది.

"ఏంటే ఇది? నువ్వు చేసినవేవీ ఇందులో లేవు."

"చేసినవి ఏమున్నయి రాయడానికి?"

"బతుకమ్మకి మీ బస్తీలో మైకు పట్టుకుని మూడు భాషల్లో మాట్లాడింది ఎవరు? నీళ్లొచ్చినప్పుడు పేపరు వాళ్లని పిలిపించింది ఎవరు?"

నీళ్లు వచ్చిన సంగతి నేనే తనకు ఒకసారి మాటల్లో చెప్పాను. అంతకుముందు వానాకాలం మా బస్తీ పక్కన వాగు పొంగి ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. రెండు రోజులైనా ఎవరూ తొంగిచూడలేదు. నేను గుజరాతీలో ఒక ఉత్తరం రాసి, నీళ్లలో మునిగిన పిల్లల పుస్తకాల ఫోటో జతచేసి, దొరికిన పత్రికలన్నిటికీ పంపాను. ఒక విలేకరి వచ్చాడు. మరుసటి రోజు నీళ్లు తోడే పంపులు వచ్చాయి. నాకు అది పని అనిపించలేదు. ఇంట్లో నీళ్లుంటే ఎవరైనా చేసేదే అనుకున్నాను.

"పీఆర్ అంటే ఇదేనే పిచ్చిదానా" అని తను అక్కడికక్కడే ఫోన్లో టైపు చేయడం మొదలుపెట్టింది. పది నిమిషాల్లో ఆ ఉత్తరం సంగతి ఇంగ్లీషులో రెండు వాక్యాలైంది. చదివితే నేను ఏదో పెద్ద పని చేసినదానిలా ఉన్నాను. ఒక్క అబద్ధం లేదు, ఒక్క మాట ఎక్కువ లేదు.

సంతోషపడాల్సిందే. కానీ అది చదువుతుంటే కడుపులో మంట మొదలైంది. నా ఇంట్లోకి వచ్చిన నీళ్లు, నేను రాసిన ఉత్తరం. అది కూడా తను రాస్తేనే బాగుంది. నేను వారం కూర్చున్నా ఆ రెండు వాక్యాలు నాకు వచ్చేవి కావు. "థాంక్స్" అన్నాను. "థాంక్స్ ఏంటే" అని నా ప్లేట్లోని ఖమన్ ముక్క తీసుకుని తింది.

ఫోటో సంగతీ అంతే. తను వేసూలో స్టూడియోలో తీయించుకుంది. నల్ల కోటు, వెనక బూడిదరంగు తెర. నా దగ్గర కోటు లేదంటే మర్నాడు తనదే తెచ్చింది. కాలేజీ గోడ ముందు నన్ను నిలబెట్టి తనే ఫోన్‌తో తీసింది. భుజాల దగ్గర కోటు వదులుగా ఉంటే వెనక బట్టల పిన్నుతో బిగించింది. ఫోటో బాగా వచ్చింది. ఇంటికెళ్లి అమ్మకు చూపించాను.

అమ్మ రాళ్ల గిన్నె పక్కన పెట్టి ఫోన్ చేతిలోకి తీసుకుంది. "మంచిగున్నవ్ బిడ్డా. ఈ కోటు గా పిల్లదేనా?"

"ఎట్ల తెల్సింది?"

"గింత మంచి కోటు మనకాడ యాడిది?" అని నవ్వింది. "బంగారమసొంటి పిల్ల. గిట్ల దోస్తు దొర్కుడు నీ అదృష్టం."

మా అమ్మ ఎవరినీ అంత తేలిగ్గా మెచ్చుకోదు. కిందటి శ్రావణంలో తను మా ఇంటికి వచ్చినప్పుడు నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని సర్వపిండి రెండుసార్లు అడిగి తింది. తర్వాత అమ్మ పక్కన చేరి, నేర్పించమని, ఒక చీర కొంగుకు వరసగా రాళ్లు అతికించింది. వంకరగా వచ్చాయి. అమ్మ వాటిని మళ్లీ తీసి అతికించుకుంటూ కూడా, "ఎంత ఓపికనో ఆ పిల్లకు" అంది. చిన్నప్పటి నుంచి నేను అతికించిన రాళ్లు ఎప్పుడూ వంకర పోలేదు. ఆ మాట నాతో ఎవరూ అనలేదు.

కాగితాలు పంపాల్సిన రోజుకు ముందు రోజు మధ్యాహ్నం తన నుంచి ఒక ఫైలు వచ్చింది. ఫోన్ నంబరు ఈమధ్యే మార్చింది కాబట్టి రెజ్యూమే కూడా కొత్తగా సరిచేశానని, ఒకసారి చూడమని, నాకు తప్పులు బాగా కనబడతాయని గొంతు రికార్డు చేసి పంపింది. "నువ్వు చూస్తే నాకు ధైర్యం" అంది చివర్లో.

నిజంగానే నాకు తప్పులు కనబడతాయి. ఒక చోట అక్షరం తప్పింది. ఇంకో చోట ఒకే మాట రెండుసార్లు పడింది. రెండూ గుర్తించాను. పైన, పేరు కింద, ఫోన్ నంబరు దగ్గర నా కళ్లు ఆగాయి. ఆ నంబరు నాకు నోటికి వచ్చు. రోజూ చేసేదే. చివరి రెండు అంకెలు తారుమారయ్యాయి.

కావాలని తీసుకున్న నిర్ణయం కాదని చాలా రోజులు నాకు నేను చెప్పుకున్నాను. కాని నిజం వేరు. ఫోన్ పట్టుకుని ఆ రెండు అంకెల వైపు చాలాసేపు చూశాను. "రెండు తప్పులున్నయి" అని టైపు చేశాను. మూడు అని మార్చబోయాను. మార్చలేదు. అలాగే పంపేశాను.

"నువ్వు లేకపోతే నా గతేంటే" అని వెంటనే జవాబు వచ్చింది.

పది రోజుల తర్వాత నాకు ఒక ఏజెన్సీ నుంచి ఫోన్ వచ్చింది. బట్టల మార్కెట్ వ్యాపారులకు, ఆసుపత్రులకు, బిల్డర్లకు ప్రచారం చూసుకునే సంస్థ. ఆఫీసు రింగ్ రోడ్డు వైపు. క్లాసులో ఇంకో ఇద్దరికి కూడా వేరే చోట్ల నుంచి పిలుపు వచ్చింది. తనకు రాలేదు. "నాకే ఎందుకు రాలేదే?" అని నన్నే అడిగింది. "వస్తది, ఆగు" అన్నాను. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఇంటర్వ్యూ దాకా ఉన్న ఆ నాలుగు రోజులు నేను హాయిగా ఉన్నాను. మొదటిసారి తను నా వైపు ఆశగా చూసింది. నేను తనను ఓదార్చాను. ఓదార్చడం నాకు బాగుంది.

ఇంటర్వ్యూ రోజు నన్ను అడిగిన ఆవిడ నలభై దాటిన మనిషి, కళ్లజోడు తలమీదకు తోసుకుని మాట్లాడేది. నా కాగితం మీద వేలు పెట్టి, హిందీలో, "ఈ నీళ్ల సంగతి చెప్పు" అంది. చెప్పాను. ఉత్తరం ఎవరికి రాశావు, ఫోటో పిల్లల పుస్తకాలదే ఎందుకు ఎంచుకున్నావు, విలేకరి వచ్చాక ఏం చూపించావు అని గుచ్చి గుచ్చి అడిగింది. అన్నిటికీ జవాబు చెప్పగలిగాను. "ఈ రెండు వాక్యాలు చూసే నిన్ను పిలిచాను" అంది.

అవి నావి కావని చెప్పలేదు.

లేచి వస్తుంటే ఆవిడ ఇంకో కాగితం తీసింది. "మీ కాలేజీ అమ్మాయే. ఫోన్ చేస్తుంటే ఎవరో ముసలాయన ఎత్తి తిడుతున్నాడు. నిన్న పంపిన మెయిలుకూ జవాబు లేదు. నీకు తెలుసా?"

మెయిలు మామూలుగానే తను వారానికి ఒకసారి చూస్తుంది. కాగితం మీది ఫోటోలో నల్ల కోటు. నేనూ అదే కోటు వేసుకున్న ఫోటో పక్కనే బల్ల మీద ఉంది.

"తెలుసు" అన్నాను.

"ఉన్నది ఒకే ఉద్యోగం. రేపు సాయంత్రంలోపు వచ్చి కలవమని చెప్తావా? ఆ తర్వాత నేను ఊళ్లో ఉండను."

"చెప్తాను" అన్నాను.

కిందికి దిగి బస్సు ఎక్కాను. ఫోన్ బ్యాగులోనే ఉంది. ఉధ్నా దాటేదాకా చేద్దామనుకున్నాను. తర్వాత ఇంటికెళ్లి చేద్దామనుకున్నాను. మధ్యలో ఒక ఆలోచన నెమ్మదిగా వచ్చి కూర్చుంది: రేపు సాయంత్రం గడిచిపోతే చాలు. తనకు ఇది కాకపోతే ఇంకొకటి వస్తుంది, వాళ్ల నాన్న ఉన్నాడు, ఇంటర్న్‌షిప్ ఉంది. నాకు ఇది పోతే ఏముంది? ఈ లెక్క నాకు చాలా న్యాయంగా కనబడింది. ఇప్పటికీ అందులో కొంత నిజముందనే అనుకుంటాను.

ఇంట్లో బాపు డ్యూటీకి వెళ్లడానికి అన్నం తింటున్నాడు. "ఏమాయె?" అన్నాడు గట్టిగా.

"మంచిగనే అడిగిండ్రు."

"ఇత్తరా మరి?"

"ఏమో, చెప్తమన్నరు."

అమ్మ చీర మడత విప్పుతూ, "గా పిల్లను గూడ పిలిసిండ్రా?" అంది.

"నాకేం తెల్సు?"

"జర ఫోన్ జేసి అడుగరాదు. ఇద్దరు ఒక్కకాడ జేస్తే రాంగ పోంగ తోడుంటరు."

"నీకెప్పుడు గా పిల్ల ముచ్చటేనా?" అన్నాను. గొంతు నేననుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. బాపు చెయ్యి కంచం మీద ఆగింది.

అమ్మ నా మొహం చూసింది. "ఏమైందే నీకు? కొట్లాడిండ్రా?"

"ఏం లేదు."

నేను లోపలి గదిలోకి వెళ్లి పడుకున్నాను. గోడ అవతల అమ్మ బాపుతో మెల్లగా ఏదో అనడం, బాపు మెల్లగా మాట్లాడబోయి మాట్లాడలేక "దాన్ని ఇడిశిపెట్టు, అలిసొచ్చింది" అనడం వినిపించాయి.

పొద్దున ఎనిమిదింటికి తన నుంచి గొంతు సందేశం వచ్చింది. "ఏమే, నిన్న ఎలా జరిగింది? ఒక్క మాటైనా చెప్పవా? నీకు వస్తుందని నాకు నమ్మకం. నాకు రాకపోయినా పర్లేదు, నీకొస్తే చాలు, నిజంగా." వెనక వాళ్లమ్మ టిఫిన్ తినమని పిలుస్తోంది.

నాకొస్తే చాలని తను అంత తేలిగ్గా ఎలా అనగలిగిందో నాకు అర్థం కాలేదు. అలాంటి మాట నా నోటికి రాదని తెలిసి, దానిక్కూడా కుళ్లుకున్నాను. ఉన్నవాళ్లకు మంచితనం కూడా సులువే అనుకున్నాను. అయినా ఫోన్ చేశాను. మంచిదాన్నై చేశానని చెప్పుకోలేను. ఆ ఆవిడ ఎప్పుడో ఒకప్పుడు మా మేడమ్‌తో, "మీ ఇంకో అమ్మాయితో కబురు చేశానే" అంటే నా సంగతి బయటపడుతుందన్న భయం సగం ఉంది. మిగతా సగం ఏమిటో నాకూ తెలియదు.

"నీ కాగితం మీద నంబరు తప్పుందట. నేను నిన్న పోయిన ఏజెన్సీ వాళ్లు నీకు ఫోన్ చేస్తనే ఉన్నరు. ఇయ్యాల సాయంత్రంలోపు పోయి కలువు."

తను రెజ్యూమే తీసినట్టుంది. కాగితాల చప్పుడు. "అయ్యో. అవునే. చివరి రెండూ... నువ్వు కూడా చూశావుగా, నీకూ కనబడలేదా?"

"లేదు" అన్నాను.

"సర్లే, నేను రాసుకున్న నంబరు నాకే కనబడలేదు, నీకెలా కనబడుతుంది? థాంక్సే. ఇప్పుడే బయల్దేరతా."

ఉద్యోగం తనకే వచ్చింది. వారం తర్వాత నాకు మర్యాదగా నాలుగు వాక్యాల మెయిలు వచ్చింది. ఆ సాయంత్రమే తను భేస్తాన్ వచ్చింది, బస్టాపు దగ్గరికి రమ్మని ఫోన్ చేసింది. వెళ్లాను. తన మొహంలో సంతోషం ఉంది, దాన్ని నా ముందు దాచుకోవాలన్న ప్రయత్నమూ ఉంది.

"నాకు ఏడుపొచ్చిందే" అంది. "నీకూ అదే ఉద్యోగం కదా. అయినా నాకు చెప్పావు. నీ చోట ఇంకొకళ్లుంటే చెప్పేవాళ్లా? మా అమ్మ కూడా అదే అంది."

నన్ను తిట్టినా తట్టుకునేదాన్ని. ఆ మెప్పును మాత్రం తట్టుకోలేకపోయాను. మా అమ్మ తనను మెచ్చుకున్నట్టు వాళ్లమ్మ నన్ను మెచ్చుకుంటోంది, అదీ నాకు లేని మంచితనానికి.

"నంబరు తప్పని నాకు ముందే తెల్సు" అన్నాను.

"ఎప్పుడు?"

"నువ్వు చూడమని పంపిన నాడే."

బస్సు ఒకటి వచ్చి ఆగి వెళ్లిపోయింది. తను ఎక్కాల్సిన బస్సే. ఎక్కలేదు.

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఓర్వలేక" అన్నాను. ఇంకో మాట దొరకలేదు. వెతికితే దొరికేదే. మా ఇల్లు, బాపు సాంచెలు, మీ నాన్న కంపెనీ అని ఎన్నో చెప్పొచ్చు. ఆ ఒక్క మాట చాలనిపించింది.

తను నా మీద అరవలేదు. "నీ రెజ్యూమే నేను రాశానే" అని మాత్రం, నాకు కాక తనకే చెప్పుకుంటున్నట్టు అంది. తర్వాతి బస్సు ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. చెయ్యి ఊపుతుందేమోనని చూశాను. ఊపలేదు.

ఇంటికి వస్తే అమ్మ, "లోపలికి తోల్కరాకపోయినవా?" అంది. "తొందరల ఉంది" అన్నాను. ఆ తర్వాత కొన్నాళ్లు అడిగింది. మెల్లగా అడగడం మానేసింది.

నాకు మరో మూడు నెలలకు కామ్‌రేజ్‌లో ఒక బిల్డర్ ఆఫీసులో పని దొరికింది. కొత్తగా కట్టే ఇళ్ల గురించి పత్రికలకు రాయడం, ఎగ్జిబిషన్లలో నిలబడి వచ్చినవాళ్లతో మాట్లాడటం. దానికి వెళ్లేముందు నా రెజ్యూమే నేనే మళ్లీ రాశాను. నీళ్ల సంగతి తీసేయలేదు, కానీ ఆ రెండు వాక్యాలు తీసేసి నా మాటల్లో పెట్టాను. ముందున్నంత బాగా రాలేదు. ఉద్యోగం ఇచ్చినాయన దాన్ని చదివాడో లేదో కూడా తెలియదు. గుజరాతీ వచ్చా, హిందీ వచ్చా, ఎండలో నిలబడగలవా అని మాత్రం అడిగాడు.

తన ప్రొఫైల్ పేజీ ఇప్పటికీ చూస్తాను. ఏ కార్యక్రమం చేసింది, ఎవరి పక్కన నిలబడింది, ఎవరు మెచ్చుకున్నారు అన్నీ తెలుసు నాకు. ఒక్కోసారి తన ప్రెస్‌నోట్ పత్రికలో వస్తే, మా ఆఫీసులో టీ తాగుతూ మొదటి నుంచి చివరి దాకా చదువుతాను. ఒక్క తప్పైనా దొరుకుతుందేమోనని వెతుకుతాను. దొరకదు. అప్పుడు ఆ పాత మంట కాస్త రగులుతుంది. సిగ్గు కూడా వేస్తుంది. అయినా మర్నాడు మళ్లీ వెతుకుతాను.

ఈమధ్య అడాజన్‌లో ఇళ్ల ప్రదర్శన జరిగితే మా ఆఫీసు తరఫున నేను వెళ్లాను. ఆ ప్రదర్శన ప్రచారమంతా వాళ్ల ఏజెన్సీదే. తను మెడలో గుర్తింపు కార్డు వేసుకుని హడావుడిగా తిరుగుతోంది. దూరం నుంచి చూసి పక్కకు తప్పుకుందామనుకున్నాను. ఈలోగా తనే చూసి దగ్గరికి వచ్చింది. "అమ్మ ఎలా ఉన్నారు?" అని అడిగింది. బాగుందన్నాను. తన వెనకే ఆ కళ్లజోడు ఆవిడ వచ్చి, నన్ను గుర్తుపట్టక, ఎవరని అడిగింది.

"మేమిద్దరం ఒకే కాలేజీలో చదువుకున్నాం" అంది తను హిందీలో.

స్నేహితురాలు అనలేదు. ఆవిడ నాకు నమస్తే చెప్పింది. నేనూ చెప్పాను. ఎవరో పిలిస్తే ఇద్దరూ వేదిక వైపు వెళ్లిపోయారు. నేను మా స్టాల్ దగ్గరికి తిరిగొచ్చేసరికి అక్కడ ఒక ముసలి జంట ఇంటి నమూనా ముందు నిలబడి, వంటగది ఏ దిక్కున వస్తుందని అడుగుతున్నారు. తూర్పున అని చెప్పి, కరపత్రం తెరిచి చూపించాను.